మెత్తగా ఉంటే వినరు, గట్టిగా ఉంటే మానేస్తారు. హోటల్ మేనేజర్ ఎలా ఉండాలి?

అలిపిరి_డెస్క్
సోమవారం, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. తిరుపతిలో 70 చిల్లర గదుల హోటల్ మాది. ఫ్రంట్ ఆఫీస్‌లో చేరి, డ్యూటీ మేనేజర్‌నై, ఈమధ్యే యూనిట్ మేనేజర్ సీట్లో కూర్చున్నా. నా ముందు ఈ సీట్లో ఉన్నాయన పేరెత్తితే స్టాఫ్ ఇప్పటికీ చొక్కా గుండీలు సరిచూసుకుంటారు. ఆయన అరిస్తే మూడో ఫ్లోర్‌కి వినపడేది. కానీ పని మాత్రం జరిగేది.

నేను అరవలేను, నా గొంతే అంత. ఉదయం ఆరున్నరకి రావాల్సిన వాళ్లు ఏడుంబావుకి వస్తున్నారు. అడిగితే "బస్సు లేటు సార్" అంటారు. మా దగ్గర 24 గంటల చెకౌట్ కాబట్టి ఏ గది ఎప్పుడు ఖాళీ అవుతుందో ముందే చెప్పలేం. ఖాళీ అయిన గది రెడీ అయి చేతికి వచ్చేసరికి రెండు గంటలు. ఈలోగా కొండ దిగొచ్చిన ఫ్యామిలీలు లాబీలోనే పడిగాపులు. గుండు చేయించుకున్న పిల్లలు సోఫాల మీదే నిద్రపోతుంటారు. ఓనర్ గారు సీసీ కెమెరాలో చూసి ఫోన్ చేస్తారు, "నువ్వు మరీ మెత్తన, వాళ్లు నెత్తినెక్కుతున్నారు" అని.

మేనేజర్లుగా చేసినవాళ్లు, మేనేజర్ల కింద నలిగినవాళ్లు చెప్పండి. ఎలాంటి మేనేజర్ దగ్గర పని నిజంగా నడిచింది?

పాతకాపు_జీఎం
మంగళవారం, ఉదయం 6:10

బాబూ, నేను హైదరాబాద్‌లోనూ బయటా చైన్ హోటళ్లలో చేసి రిటైరయ్యాను. సూటిగా చెప్తా. హోటల్లో చివరి మాట ఒకరిదే ఉండాలి.

శ్రావణంలో పెళ్లి, ముహూర్తం అర్ధరాత్రి దాటాక, బాంక్వెట్‌లో 800 మందికి భోజనం అనుకో. పదిన్నరకి 1,100 మంది వచ్చి కూర్చున్నారు. కిచెన్‌లో నూనె కాగుతోంది, పప్పు అయిపోవచ్చింది. ఆ టైమ్‌లో "అందరూ మీ అభిప్రాయం చెప్పండి" అంటావా? చెఫ్ ఒక్క కేక వేస్తాడు, ముప్ఫై చేతులు కదులుతాయి. దాన్ని నియంతృత్వం అనుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

నువ్వు మెత్తగా మాట్లాడుతున్నావా, లేక నీళ్లు నములుతున్నావా? ఆ రెండూ ఒకటి కావు.

హౌస్‌కీపింగ్_అక్క
మంగళవారం, మధ్యాహ్నం 3:25

పెద్దాయన చెప్పింది పెళ్లి రాత్రికి సరే. మిగతా రోజుల సంగతేంటి?

తమ్ముడూ, నేను విశాఖలో హౌస్‌కీపింగ్ చూస్తా. అంతకుముందు కొన్నాళ్లు మీ ఊళ్లోనే చేశా. అక్కడ అసలు తలనొప్పి గంధం. గుండు చేయించుకుని గంధం రాసుకుని వస్తారు, అలాగే పడుకుంటారు. తెల్ల పిల్లో కవర్ మీద పసుప్పచ్చ మరక పడుతుంది, మామూలు ఉతుకుడికి పోదు. అప్పటి మేనేజర్ గారు మరక కవర్ దొరికితే రూమ్ బాయ్ జీతంలో కోసేవారు. మొదటి నెల కవర్లన్నీ తెల్లగా మెరిసిపోయాయి. ఆయన మీటింగ్‌లో మీసం దువ్వుకున్నారు.

తర్వాత లినెన్ (దుప్పట్లు, కవర్లు, టవళ్లు) లెక్క తీస్తే కవర్లు కుప్పలుగా తక్కువ. ఏమయ్యాయంటే, మరక పడ్డవాటిని రూమ్ బాయ్‌లు చెత్త బ్యాగులో వేసి బయటకి పంపేశారు. కొన్ని సర్వీస్ లిఫ్ట్ పక్క షాఫ్ట్‌లో దొరికాయి, బూజు పట్టి. వెంటనే చెప్పి ఉంటే నానబెట్టి మరక తీసేసేవాళ్లం. జీతం కోస్తారని చెప్పలేదు.

అరిచే మేనేజర్ దగ్గర పని జరిగేది అంటున్నావు. జరిగిందని నీకెలా తెలుసు? ఆయనకి కనపడేలా జరిగింది, అంతే. ఆ పాత లినెన్ రిజిస్టర్ ఒకసారి తీసి చూడు.

తెనాలి_గల్లాపెట్టె
మంగళవారం, సాయంత్రం 5:02

నేను చెప్పొచ్చా? మాది గదుల హోటల్ కాదు, టిఫిన్ హోటల్. నాన్నగారి తర్వాత నేను గల్లా మీద కూర్చుంటున్నా.

మా లెవెల్లో లీడర్‌షిప్ స్టైల్ అంటే దోశ మాస్టర్ అలగకుండా చూసుకోవడం. ఆయన అలిగితే మర్నాడు పొద్దున పెనం వెలగదు. లక్ష అడ్వాన్స్ ఇచ్చి కట్టేసుకున్నామనుకుంటాం. పక్క ఊళ్లో ఇంకొకాయన లక్షన్నర ఇచ్చి ఆ లక్ష మన మొహాన కొట్టిస్తాడు. ఇంక నేను ఎవరిమీద అరవాలి?

నాన్నగారిది ఒకటే పద్ధతి. షట్టర్ ఎత్తకముందే సర్వర్లు, క్లీనర్లు కడుపునిండా తినాలి. నిన్నటి ఇడ్లీ కాదు, ఆ రోజు మొదటి వాయి. "ఆకలితో ఉన్నోడు ప్లేటు మోస్తుంటే వాడి కళ్లు కస్టమర్ ప్లేటు మీదే ఉంటాయిరా" అనేవారు. మా దగ్గర క్లీనర్‌గా చేరి ఇప్పుడు చట్నీలు మొత్తం చూసుకుంటున్న మనిషి ఉన్నాడు. ఎన్ని హోటళ్లు పిలిచినా పోలేదు.

పాఠం_సారు
మంగళవారం, రాత్రి 9:40

హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీలో పాఠాలు చెప్తాను. పుస్తకం పురాణం విప్పుతున్నానని తిట్టుకోకండి, ఇక్కడికి సరిగ్గా సరిపోయే ముచ్చట ఒకటుంది.

1939లో కర్ట్ లెవిన్, ఆయనతోపాటు లిప్పిట్, వైట్ అనే ఇద్దరు అమెరికాలో పదేళ్ల అబ్బాయిలతో ఒక ప్రయోగం ప్రకటించారు. పిల్లలకి మాస్కులు చేయడం లాంటి పనులిచ్చి, గుంపుకో పెద్దను పెట్టారు. ఒకాయన అంతా తానే చెప్తాడు. ఒకాయన పిల్లలతో మాట్లాడి నిర్ణయిస్తాడు. ఇంకొకాయన ఏమీ పట్టించుకోడు. మనం పరీక్షల్లో ఆటోక్రాటిక్, డెమోక్రాటిక్, లెసే ఫేర్ అని రాయించేవి ఇవే.

ఆజ్ఞలిచ్చే పెద్దాయన గదిలో ఉన్నంతసేపు పని జోరుగా సాగింది. ఆయన బయటికి వెళ్లగానే పని పడిపోయింది. మాట్లాడి నిర్ణయించిన గుంపులో మాత్రం పెద్ద బయటికి వెళ్లినా పిల్లలు పని చేసుకుంటూనే ఉన్నారు. పరీక్షలో పిల్లలు మూడు నిర్వచనాలు రాసి దీన్ని వదిలేస్తారు. హోటల్‌కి కావాల్సింది ఇదే. హోటల్ 24 గంటలు నడుస్తుంది. మేనేజర్ ఉండేది 10, 12 గంటలు. అంటే సగం కాలం ఆయన గది బయటే ఉన్నట్టు.

మూడో రకంలో పని అన్నిటికన్నా అధ్వానంగా జరిగింది. పాతకాపు గారు నీళ్లు నమలడం అన్నది అదే.

పాతకాపు_జీఎం
మంగళవారం, రాత్రి 10:15

సారూ, పదేళ్ల పిల్లలు చేసే మాస్కులకీ, పెళ్లి భోజనానికీ పోలికా! సరే, ఆ గది బయట అన్న మాట మాత్రం ఒప్పుకుంటా.

దానికి మన దేశంలోనే గట్టి ఉదాహరణ ఉంది. 2008 నవంబర్ 26, ముంబై తాజ్. దాడి మొదలైనప్పుడు జనరల్ మేనేజర్ కరంబీర్ సింగ్ కాంగ్ హోటల్లో లేరు, వేరే చోట మీటింగ్‌లో ఉన్నారు. ఆయన పరుగున వచ్చేలోపే లోపల ఉన్నవాళ్లు పని మొదలుపెట్టేశారు. ఒక బాంక్వెట్ హాల్లో పెద్ద కంపెనీ విందు జరుగుతోంది. ఆ రాత్రి దాని బాధ్యత 24 ఏళ్ల అమ్మాయిది. ఆమె తలుపులు వేయించి, లైట్లు తీయించి, అందరినీ టేబుళ్ల కింద పడుకోమంది. తెల్లవార్లూ ఆమె, స్టాఫ్ వాళ్లని చూసుకున్నారు. పైనుంచి ఆర్డర్ రాలేదు, వచ్చే వీలూ లేదు. కాంగ్ గారి భార్య, ఇద్దరు పిల్లలు ఆ హోటల్లోనే మంటల్లో పోయారు. అయినా ఆయన అక్కడే ఉండి మిగతావాళ్లని బయటికి పంపించే పని చూశారు. దాని గురించి నేను ఇంకేమీ రాయను.

దీని మీద హార్వర్డ్ బిజినెస్ స్కూల్ వాళ్లు కేస్ స్టడీ రాశారు. ఇది ఆ ఒక్క రాత్రి పుట్టిన ధైర్యం కాదు, చాలా ఏళ్ల తర్ఫీదు. పెద్ద కాలేజీల టాపర్ల వెంట పడకుండా చిన్న ఊళ్ల పిల్లల్ని తీసుకోవడం, వాళ్లకి 18 నెలల శిక్షణ, గెస్ట్ కోసం నిర్ణయం తీసుకుంటే కంపెనీ వెనక నిలబడుతుందన్న నమ్మకం. ఆ చివరిది లేకపోతే మొదటి రెండూ ఉన్నా దండగ.

దుబాయ్_నైట్‌షిఫ్ట్
బుధవారం, ఉదయం 4:48

డ్యూటీలోనే ఉన్నా, లాబీ ఖాళీగా ఉంది కాబట్టి రాస్తున్నా. మాది జగిత్యాల దిక్కు. ఇక్కడ దుబాయ్‌లో నైట్ మేనేజర్‌ని. నా షిఫ్ట్‌లో నేపాలీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు, కెన్యా వాళ్లు, మలయాళీలు, ఇద్దరు మన నిజామాబాద్ తమ్ముళ్లు. అరిస్తే ఒక్కొక్కరికి ఒక్కో రకంగా అర్థమవుతుంది, అందుకే అరుపు ఇక్కడ పనికిరాదు.

సారు చెప్పిన గది బయట సంగతి మేం రోజూ చూస్తం. ఇక్కడికి వచ్చినంక ముగ్గురు జీఎంల (జనరల్ మేనేజర్ల) కింద చేసిన. ఒకాయన రాత్రి లాగ్‌బుక్ చూసేటోడే కాదు. ఒకాయన చూసి, తప్పు రాసినోడిని పొద్దున పిలిచి వాయించేటోడు. ఆయన వచ్చిన నెలకే మా లాగ్‌బుక్‌లో "ఆల్ ఓకే" తప్ప ఇంకేం లేదు. లిఫ్ట్ ఆగినా ఆల్ ఓకే.

ఇప్పుడున్న మేడం పొద్దున వచ్చిన వెంటనే లాగ్‌బుక్ తీస్తది. ప్రతి లైన్ కింద ఎర్ర పెన్నుతో జవాబు రాస్తది. మేం "లిఫ్ట్ 2 మళ్లీ ఆగింది" అని రాస్తే కింద "కంపెనీ వాళ్లు 11కి వస్తున్నారు" అని. "412 గెస్ట్ ఏసీ శబ్దం అని గొడవ, గది మార్చిన" అని రాస్తే "మంచి పని" అని. అంతే. మాట తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. మెత్తన అని ఎవరూ అనరు. కానీ ఇప్పుడు క్లీనర్ కూడా ఏదన్నా కనపడితే "అన్నా, బుక్‌లో రాయి" అంటున్నడు.

అలిపిరి_డెస్క్
బుధవారం, ఉదయం 10:30

అక్కా, రిజిస్టర్ తీసి చూశా. పిల్లో కవర్లు, చేతి టవళ్లు రెండూ భారీగా తక్కువ. పాత సార్ సంతకాలు మాత్రం నెలనెలా ఉన్నాయి. ఓనర్‌కి ఎలా చెప్పాలో ఆలోచిస్తున్నా.

లేటుగా రావడం గురించి పాతకాపు గారి ప్రశ్నకి జవాబు: లేటైన వాళ్లని నేను ఏమీ అనలేదు. "చూద్దాం" అనేవాణ్ణి. అదే నీళ్లు నమలడం అయితే, అవును, అదే.

ఇంకోటి. గెస్టులు డెస్క్ మీద పడి "300 రూపాయల దర్శనం టికెట్ ఇప్పించండి, మీకు తెలిసినవాళ్లుంటారు కదా" అంటారు. లేదంటే రేటింగ్ తక్కువ ఇస్తామంటారు. మా పిల్లలు టెన్షన్‌లో "చూస్తాం సార్" అనేస్తారు. తెల్లారి అదే గెస్ట్ నా మీద విరుచుకుపడతాడు. పిల్లలకి ఏం చెప్పాలి?

ట్రైనీ_2వఫ్లోర్
బుధవారం, మధ్యాహ్నం 1:05

హాయ్ అన్నా. నేను ఇంకా చదువుతున్నా, ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఈమధ్యే ముగిసింది. ఒక పెద్ద హోటల్లో (పేరొద్దు) బ్రీఫింగ్‌లో రోజూ "మనమంతా ఒక ఫ్యామిలీ" అనేవారు. ఆ మాట వినగానే సీనియర్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. ఎందుకంటే ఆ మాట వచ్చిన రోజు డబుల్ షిఫ్ట్ గ్యారంటీ. కంప్ ఆఫ్ (బదులు సెలవు) ఇస్తామంటారు, ఆ ఆఫ్ మాత్రం ఎప్పటికీ రాదు.

అదే హోటల్లో ఒక అసిస్టెంట్ మేనేజర్ ఉండేవాడు, కటువు మనిషి. గ్రూమింగ్ చెక్‌లో షూ పాలిష్ లేకపోతే వెనక్కి పంపేసేవాడు. కానీ ఒక గెస్ట్ నా మీద సూప్ కప్పు విసిరినప్పుడు (వేడిది కాదులెండి) నన్ను కిచెన్‌లోకి పంపేసి, "మా అబ్బాయితో అలా మాట్లాడొద్దు సార్, మీకేం కావాలో నాకు చెప్పండి" అన్నాడు. గెస్ట్ అరిచాడు, ఈయన తల దించలేదు. ఆ తర్వాత ఆయన షూ గురించి ఎంత తిట్టినా నాకు కోపం రాలేదు.

అడ్మిన్
బుధవారం, మధ్యాహ్నం 1:30

పేర్లు రాయకుండా జాగ్రత్త పడుతున్నందుకు థాంక్స్. ఇలాగే కొనసాగించండి. ఓ హోటల్ పేరుతో వచ్చిన ఒక పోస్ట్ తీసేశాను.

హౌస్‌కీపింగ్_అక్క
బుధవారం, సాయంత్రం 6:20

ట్రైనీ బాబు రాసింది చదివారా? పాఠం సారు మూడు రకాలు చెప్పారు కానీ, ఆ అసిస్టెంట్ మేనేజర్ ఏ రకంలోకి వస్తాడు? షూ దగ్గర నియంత, గెస్ట్ ముందు గొడుగు.

అలిపిరి తమ్ముడికి నా మాట. ముందు రోస్టర్ (ఎవరికి ఏ షిఫ్టో చెప్పే చార్ట్) ఎప్పుడు వేస్తున్నావో చూసుకో. వారం మొదలయ్యే ముందు రోజు రాత్రి వాట్సాప్‌లో పడేస్తే, చంద్రగిరి నుంచో రేణిగుంట నుంచో వచ్చే మనిషి ఇల్లు ఎలా సర్దుకుంటాడు? నా దగ్గర రోస్టర్ వారం ముందే బోర్డు మీద ఉంటుంది. తెల్లవారుజాము షిఫ్ట్‌కి బస్సు లేని ఊరివాళ్లని వేయను. అంత చేశాక కూడా లేటైతే అప్పుడు గట్టిగా అడిగే హక్కు నీకుంటుంది. అడుగు కూడా. "చూద్దాం" అనకు. పక్కకి పిలిచి అడుగు, పదిమంది ముందు కాదు.

రెండోది, గదులు. పిల్లకి 16 గదులు ఇచ్చి, అందులో 12 డిపార్చర్ (గెస్ట్ ఖాళీ చేసిన) గదులైతే రెండు గంటలు పట్టక ఏం చేస్తుంది? గెస్ట్ ఉన్న గదికీ ఖాళీ చేసిన గదికీ పని తేడా డెస్క్‌లో పెరిగినవాళ్లకి తెలియదు. తప్పుగా అనుకోకు. ఒక ఉదయం ఆ పిల్లలతో ఒక గది మొదట్నుంచి చివరిదాకా చెయ్యి. పరుపు ఎత్తి షీటు మూల మడవడానికి నడుం ఎలా లాగుతుందో తెలుస్తుంది.

దుబాయ్_నైట్‌షిఫ్ట్
గురువారం, ఉదయం 3:15

దర్శనం టికెట్ల గురించి. పిల్లలకి "లేదు" అనే ధైర్యం మేనేజర్ ఇయ్యాలె. ఇక్కడ అమెరికా హోటల్ చైన్లలో చేసినోళ్లు చెప్తుంటరు, రిట్జ్ కార్ల్‌టన్‌లో రూమ్ సర్దే వాళ్లకి కూడా ఒక గెస్ట్ సమస్య తీర్చడానికి 2,000 డాలర్ల దాకా ఎవరినీ అడగకుండా ఖర్చుపెట్టే అధికారం ఉందని. మనకి అంత అక్కర్లేదు. డెస్క్ పిల్లకి 500 రూపాయలు చాలు. ఒక టిఫిన్ ఫ్రీ, ఒక గంట లేట్ చెకౌట్, ఒక ఆటో. "టికెట్ మా చేతుల్లో లేదు సార్, మీ ఉదయం టిఫిన్ మాత్రం మా లెక్క" అంటే సగం గొడవ అక్కడనే చల్లారుతది.

పాతకాపు_జీఎం
గురువారం, ఉదయం 6:30

ఆ 2,000 డాలర్లు ఎవరూ రోజూ ఖర్చుపెట్టరు. పెట్టొచ్చు అని తెలియడమే పనిచేస్తుంది. అయితే ఒక హెచ్చరిక. ఓనర్‌తో ముందే మాట్లాడకుండా ఈ 500 మొదలుపెట్టకు. మూడో రోజు బిల్లు చూసి ఆయన పిల్లని నిలదీస్తే, నువ్వు ఇచ్చిన అధికారం గాల్లో కలిసిపోతుంది. మళ్లీ ఇస్తానన్నా ఎవరూ తీసుకోరు.

ఇంకొకటి, ఎవరూ ఎత్తలేదు. రాత్రి పూట నీ హోటల్లో మంటలొస్తే ఎవరు ఏం చేయాలి? 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ కేంద్రంగా మార్చిన హోటల్లో తెల్లవారుజామున మంటలొచ్చి 10 మంది పోయారు. అది గుర్తున్నప్పుడల్లా నేను అడిగేది ఇదే. నైట్ డ్యూటీలో ఉన్న పిల్లాడికి మెయిన్ స్విచ్ ఎక్కడుందో తెలుసా? మెట్ల తలుపుకి తాళం వేసి ఉందా? ఇక్కడ మాత్రం ప్రజాస్వామ్యం లేదు. డ్రిల్‌కి రాని మనిషిని డ్యూటీ ఎక్కనివ్వకు. నేను అరిచేది దీని కోసమే.

తెనాలి_గల్లాపెట్టె
గురువారం, ఉదయం 11:10

పెద్దాయన ఈ విషయంలో కరెక్ట్. మా వంటింట్లో సిలిండర్ మార్చేటప్పుడు నేనూ అరుస్తా. మిగతా టైమ్‌లో నోరెత్తితే మాస్టర్ గరిటె కింద పెట్టేస్తాడు.

పాఠం_సారు
గురువారం, రాత్రి 8:05

పరిస్థితిని బట్టి, ఎదుటి మనిషి అనుభవాన్ని బట్టి తీరు మారాలని 1969లోనే హెర్సీ, బ్లాంచర్డ్ సిద్ధాంతం కట్టారు. కొత్తగా చేరిన పిల్లాడికి ఇలా చెయ్ అని చెప్పాలి, పదేళ్లుగా చేస్తున్నవాడికి అప్పగించి పక్కకి తప్పుకోవాలి. మన దగ్గర చాలామంది దీన్ని తిరగేస్తారు. కొత్తవాణ్ణి నీళ్లలో తోసేసి, పాతవాడి భుజం మీదుగా తొంగిచూస్తారు.

అలిపిరి_డెస్క్
రెండు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 12:20

అప్‌డేట్ ఇద్దామని వచ్చా. రోస్టర్ వారం ముందే బోర్డు మీద పెడుతున్నా. లేటు తగ్గింది, పూర్తిగా పోలేదు. ఒకతన్ని పక్కకి పిలిచి గట్టిగానే అడిగా, మర్నాటి నుంచి రాలేదు. పాత సార్ ఇప్పుడున్న హోటల్లో చేరాడట. ఓనర్ గారు దానికి నన్నే అన్నారు.

గదులు పంచేటప్పుడు డిపార్చర్లు అందరికీ సమానంగా వచ్చేలా చూస్తున్నాం. ఆ లెక్క నేను వేయలేదు, సూపర్‌వైజర్ అమ్మాయే వేసింది, నాకన్నా బాగా వేసింది. మరక కవర్లకి వేరే బుట్ట పెట్టాం, జీతం కోత లేదు. మొదటి మూడు రోజులు బుట్ట ఖాళీ. ఎవరూ నమ్మలేదు. నాలుగో రోజు ఎవరో ఒక కవర్ వేశారు. ఇప్పుడు రోజూ నిండుతోంది, లాండ్రీ వాడు లబోదిబో.

500 రూపాయల సంగతి ఓనర్ ఒప్పుకోలేదు. 200కి ఒప్పుకున్నారు, అదీ రాసి సంతకం పెట్టాలట. ఫైర్ డ్రిల్ పెట్టాం. వెనక మెట్ల తలుపుకి నిజంగానే తాళం ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో తేలడానికి అరగంట పట్టింది. ఆ రోజు నేను కూడా అరిచా అని స్టాఫ్ చెప్పుకుంటున్నారు.

హౌస్‌కీపింగ్_అక్క
ఆదివారం, ఉదయం 9:15

బుట్ట నిండుతోందంటే సంతోషం. 200 తీసుకో, తర్వాత పెంచుకోవచ్చు. సూపర్‌వైజర్ అమ్మాయి వేసిన లెక్క ఆమె పేరుతోనే ఓనర్‌కి చూపించు, నీ పేరుతో కాదు. తాళం తీసేశారా, లేక "తీయించాలి" అని రాసుకున్నారా?

అలిపిరి_డెస్క్
ఆదివారం, ఉదయం 9:40

తీసేశాం అక్కా. తాళం నా టేబుల్ సొరుగులోనే ఉంది.

తెనాలి_గల్లాపెట్టె
ఆదివారం, ఉదయం 10:02

తమ్ముడూ, ఇంత చెప్పాం కాబట్టి అడుగుతున్నా. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజుకి ఒక గది దొరుకుతుందా?

అలిపిరి_డెస్క్
ఆదివారం, ఉదయం 10:06

ఓనర్ గారి బావమరిదికే లేదన్నా.